మచ్చ చర్మం మీద, జబ్బు మూలుగలో



ఒంటి మీద దద్దుర్లు లేస్తే ఇంట్లో పెద్దవాళ్ళు మొదట అడిగే ప్రశ్న "ఏం తిన్నావు?" అని. వంకాయ తిన్నావా, ఎండుచేప తిన్నావా, కొత్త మాత్ర ఏదైనా వేసుకున్నావా అని ఆరా తీస్తారు. చాలాసార్లు ఆ ప్రశ్న సరియైనదే. పడని తిండి, పడని మందు, గజ్జి, తామర, పురుగు కాటు, ఇలాంటి కారణాలే ఎక్కువ. కాని కొద్దిమందిలో, ముఖ్యంగా యాభై ఏళ్ళు దాటినవారిలో, చర్మం మీద కనబడే ఎర్రని గడ్డ చర్మంలో పుట్టినది కాదు. ఎముకల లోపలి మూలుగలో పుట్టిన కణాలు రక్తం ద్వారా ప్రయాణించి చర్మంలో దిగి గుంపు కట్టడం వలన ఆ గడ్డ ఏర్పడుతుంది. అటువంటి గడ్డకు పైపూత ఎంత రాసినా ఫలితం ఉండదు. ఈ సంగతిని ఈమధ్య కాలంలో జన్యు పరీక్షలు ఎలా రుజువు చేశాయో, దానివలన రోగికి, అతని కుటుంబానికి ఏమి ఉపయోగమో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మూలుగ అంటే మాంసం తినేవారికి చెప్పనక్కరలేదు. డాక్టర్లు దానినే ఎముక మజ్జ అంటారు. మన రక్తంలోని ఎర్రకణాలు, తెల్లకణాలు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు, అన్నీ అక్కడే తయారవుతాయి. అక్కడి మూలకణాలలో ఒకటి చెడితే దాని సంతానమంతా అదే లోపంతో పుడుతుంది. అలా లోపంతో పుట్టిన తెల్లకణాలు ఊపిరితిత్తులకు వెళ్ళవచ్చు, కీళ్ళకు వెళ్ళవచ్చు, చర్మానికీ వెళ్ళవచ్చు. చర్మానికి వెళ్ళినప్పుడే మన కంటికి కనబడతాయి.

ఒక పెద్దాయనను ఊహించుకోండి. ఇది ఒక ఉదాహరణ మాత్రమే గాని ఫలానా రోగి కథ కాదు. ఆయన వయస్సు అరవై ఆరు. సంవత్సరంగా వచ్చిపోయే జ్వరం. మెడ మీద, చేతుల మీద నొప్పి పెట్టే ఎర్రని గడ్డలు. ఒకసారి చెవి డిప్ప ఎర్రగా వాచి తగ్గింది. ఆయాసం. మొదట టైఫాయిడ్ అన్నారు, యాంటీబయాటిక్స్ వాడారు. తరువాత టి.బి. అనుమానంతో పరీక్షలు చేశారు, లేదన్నారు. ఒకచోట స్టెరాయిడ్ మాత్రలు ఇస్తే మూడు రోజుల్లో గడ్డలు మాయమయ్యాయి. మాత్రలు తగ్గించగానే మళ్ళీ లేచాయి. ఆ తరువాత అదే చీటీ పట్టుకొని మందుల షాపులో తానే కొనుక్కోవడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి షుగరు వచ్చింది, ముఖం ఉబ్బింది, రక్తం తగ్గిపోయింది. చర్మానికి ఒక డాక్టరు, ఊపిరితిత్తులకు ఒక డాక్టరు, రక్తహీనతకు మరొకరు. ఫైలు లావవుతూనే ఉంది గాని జబ్బు పేరు మాత్రం ఎవరికీ అందలేదు.

ఇలాంటి ఫైళ్ళు ప్రపంచమంతటా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి 2020లో ఒక పేరు దొరికింది.

అంతకుముందు కొంచెం వెనుకకు వెళ్ళాలి. 1964లో ఇంగ్లండులోని ప్లిమత్ అనే ఊరిలో పనిచేసే రాబర్ట్ డగ్లస్ స్వీట్ అనే చర్మవైద్యుడు ఎనిమిదిమంది స్త్రీల గురించి ఒక వ్యాసం వ్రాశారు. వారికి జ్వరం, దానితోపాటు ముఖం, మెడ, చేతుల మీద నొప్పి గల ఎర్రని గడ్డలు వచ్చాయి. చర్మపు ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు కిక్కిరిసి ఉన్నాయి. చీము పట్టిన పుండులో కనబడే కణాలు ఇవే. కాని ఇక్కడ క్రిములు లేవు. ఆయన పేరు మీద దీనిని స్వీట్ సిండ్రోమ్ అంటున్నారు. ఈ పేరు విని కొందరు షుగరు జబ్బు అనుకుంటారు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

స్వీట్ సిండ్రోమ్ చాలామందిలో గొంతు ఇన్‌ఫెక్షన్ తరువాతనో, ఒక మందు పడకనో వచ్చి తగ్గిపోతుంది. అయితే సుమారు ఐదుగురిలో ఒకరికి దాని వెనుక ఒక క్యాన్సరు ఉన్నట్లు, అందులోనూ ఎక్కువగా రక్త క్యాన్సరు లేదా మూలుగ జబ్బు ఉన్నట్లు వైద్యులు గమనించారు. అప్పుడు ఒక ప్రశ్న పుట్టింది. చర్మంలో చేరిన ఈ తెల్లకణాలు ఆరోగ్యమైనవేనా? అంటే మూలుగ జబ్బు వలన ఒంట్లో రేగిన కలకలానికి మామూలు కణాలే పరుగెత్తి వచ్చాయా? లేక చెడిపోయిన మూలకణం యొక్క సంతానమే చర్మంలోకి దిగిందా? సూక్ష్మదర్శినిలో చూస్తే రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కంటితో తేల్చలేని తగవు అది.

దానిని తేల్చినది జన్యుక్రమ పరీక్ష. ఇంగ్లీషులో సీక్వెన్సింగ్ అంటారు. మన కణాలలోని జన్యువులు నాలుగు రకాల రసాయన అక్షరాలతో వ్రాయబడి ఉంటాయి. ఆ అక్షరాలను వరుసగా చదవడమే ఈ పరీక్ష. ఒక పుస్తకంలో అచ్చుతప్పు పడిందనుకోండి. ఆ ప్రతిని చూసి అచ్చువేసిన ప్రతులన్నిటిలో అదే చోట అదే తప్పు ఉంటుంది. అలాగే మూలుగలో చెడిన కణానికి ఏ అక్షరదోషం ఉన్నదో, దాని సంతానం ఎక్కడికి పోయినా అదే దోషం వెంట ఉంటుంది. మూలుగలోని తప్పు, చర్మపు ముక్కలోని తప్పు ఒక్కటే అయితే, చర్మంలోని కణాలు ఆ ఇంటివే అని చెప్పవచ్చు.

ఇక 2020 సంగతి. అమెరికాలోని బెథెస్డాలో ఉన్న జాతీయ ఆరోగ్య సంస్థలో డేవిడ్ బెక్, డేనియల్ కాస్ట్‌నర్, పీటర్ గ్రేసన్ అనే వైద్య శాస్త్రవేత్తలు, వారి సహచరులు ఒక క్రొత్త పద్ధతిలో వెదికారు. సాధారణంగా ఒకే రకం లక్షణాలున్న రోగులను చేర్చి, వారి జన్యువులలో లోపం వెదకుతారు. వీరు తిరగేసి వెదికారు. కారణం తెలియని జ్వరాలు, వాపులతో బాధపడే రెండువేల ఐదువందలకు పైగా వ్యక్తుల జన్యు సమాచారం తీసుకొని, లక్షణాలను ప్రక్కన పెట్టి, ఒకే చోట తప్పు ఉన్నవారు ఎవరైనా ఉన్నారా అని చూశారు. ముగ్గురు పురుషులు దొరికారు. ముగ్గురికీ యు.బి.ఎ.1 అనే ఒకే జన్యువులో, ఒకే చోట తప్పు ఉంది. తరువాత వెదికితే ఆ సంఖ్య ఇరవై ఐదుకు చేరింది. అందరూ పురుషులే. అందరికీ నడివయస్సు దాటాకే జబ్బు వచ్చింది. అప్పటిదాకా ఒకరికి స్వీట్ సిండ్రోమ్ అని, ఒకరికి చెవి, ముక్కు మృదులాస్థి వాపు అని, ఒకరికి రక్తనాళాల వాపు అని, ఒకరికి మూలుగ జబ్బు అని వేర్వేరు పేర్లు పెట్టి ఉన్నారు. ఈ జబ్బుకు వెక్సాస్ అని పేరు పెట్టారు.

యు.బి.ఎ.1 చేసే పని ఏమిటి? కణంలో వాడి పాడైన ప్రోటీన్లను పారవేయాలంటే ముందు వాటికి ఒక గుర్తు తగిలించాలి. ఆ గుర్తు తగిలించే పనిని మొదలుపెట్టే ఎంజైము ఇది. ఊరిలో చెత్తబండి రాకపోతే వీధిలో ఏమవుతుందో మీకు తెలుసు. కణంలోనూ అదే జరుగుతుంది. పాడైన ప్రోటీన్లు పేరుకొని, కణం ఇబ్బందిలో పడి, ప్రమాద సంకేతాలు పంపుతూనే ఉంటుంది. అందుకే క్రిములు లేకుండానే జ్వరం, వాపు. ఆ ప్రోటీను గొలుసులో 41వ స్థానం దగ్గర ఒక్క అక్షరం మారడం చాలు, ఇంత అనర్థానికి. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. స్త్రీలకు రెండు ఎక్స్‌లు ఉంటాయి గనుక ఒకటి చెడినా రెండవది ఆదుకుంటుంది. పురుషులకు ఒక్కటే. స్త్రీలలో ఈ జబ్బు లేకపోలేదు గాని చాలా తక్కువ.

2021లో ఫ్రాన్సు దేశపు వైద్యులు వెక్సాస్ రోగుల చర్మపు ముక్కలను ఇదే పరీక్షకు పెట్టారు. న్యూట్రోఫిల్స్ నిండిన గడ్డలలో, మూలుగలో ఉన్న అదే యు.బి.ఎ.1 లోపం కనబడింది. అంటే ఆ గడ్డలలో ఉన్నది చెడిపోయిన మూలకణపు సంతానమే. అయితే మూలుగ జబ్బు ఉన్నవారి ఒంటి మీద లేచే ప్రతి మచ్చా అలాంటిదని అనుకోకూడదు. వారికీ మందులు పడకపోవచ్చు, వారికీ గజ్జి రావచ్చు.

ఇది ఎంత అరుదు? 2023లో అమెరికాలోని పెన్సిల్వేనియా ప్రాంతంలో 1,63,096 మంది జన్యు సమాచారాన్ని పరిశీలించగా పదకొండుమందికి ఈ లోపం ఉన్నట్లు తేలింది. యాభై దాటిన పురుషులలో లెక్కిస్తే సుమారు 4,269 మందిలో ఒకరు. అరుదే, కాని మనం అనుకున్నంత అరుదు కాదు. ఆ లెక్క అక్కడిది. మన జనాభాకు యథాతథంగా వర్తింపజేయడం సరికాదు.

పరీక్ష ఎలా చేస్తారు

చర్మం మీద మత్తు సూది వేసి, మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న గుండ్రని చిన్న ముక్క తీస్తారు. ఒకటి రెండు కుట్లు పడతాయి. "ముక్క తీస్తే జబ్బు ఒళ్ళంతా పాకుతుంది" అన్న భయం మన ఊళ్ళలో బలంగా ఉంది. ఆ భయంతో నెలల తరబడి పరీక్ష వాయిదా వేసుకున్నవారు ఉంటారు. ఇక్కడ ఆ భయానికి ఆధారం లేదు. ఈ కణాలు రక్తంలో ముందే తిరుగుతున్నాయి, ముక్క తీయడం వలన క్రొత్తగా పాకేది ఏమీ లేదు.

ఆ ముక్కను ముందు ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో దిమ్మగా చేసి, పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఆ మైనపు దిమ్మనుండే జన్యు పరీక్షకు కూడా కణపదార్థం తీయవచ్చు. ఫార్మలిన్ వలన అది కొంత ముక్కలవుతుంది గాని చాలాసార్లు పని జరుగుతుంది. గనుక రెండేళ్ళ క్రిందట తీసిన ముక్క అయినా, దిమ్మ భద్రంగా ఉంటే మళ్ళీ పనికి రావచ్చు. రిపోర్టు కాగితం మాత్రమే కాదు, దిమ్మ నంబరు కూడా దాచుకోండి.

చర్మపు ముక్కలో ఒక్క రకం కణాలే ఉండవు. చర్మకణాలు, రక్తనాళాల కణాలు, వచ్చి చేరిన తెల్లకణాలు అన్నీ కలిసి ఉంటాయి. యంత్రం ఒకే చోటును వందల, వేలసార్లు చదివి, ఎన్నిసార్లు తప్పు కనబడిందో నూటికి ఇంత అని చెబుతుంది. రిపోర్టులో ఆ అంకె చూసి చాలామంది "ముప్పై శాతం క్యాన్సరు" అని కంగారుపడతారు. దాని అర్థం అది కాదు. ఉదాహరణకు పురుషునిలో యు.బి.ఎ.1 జన్యువు కణానికి ఒక్క ప్రతే ఉంటుంది గనుక 30 అంటే ఆ ముక్కలో ఇంచుమించు నూటికి ముప్పై కణాలకు లోపం ఉన్నట్లు. కణానికి రెండు ప్రతులుండే ఇతర జన్యువులలో ఒక ప్రతి మాత్రమే చెడితే అదే 30 అరవై కణాలకు గుర్తు. అంకె మరీ చిన్నదైతే, చర్మంలోని రక్తనాళాలలో ఉన్న రక్తపు బొట్టు నుండి కూడా వచ్చి ఉండవచ్చు. అందుకే ఈ అంకెను సూక్ష్మదర్శిని రిపోర్టుతో కలిపి చదవాలి.

మరొక జాగ్రత్త. వయస్సు మీరేకొద్దీ ఆరోగ్యంగా ఉన్నవారి మూలుగలో కూడా చిన్న చిన్న అక్షరదోషాలు చేరుతుంటాయి. డెబ్బై దాటినవారిలో పదిమందిలో ఒకరికి పైగా అలాంటివి ఉంటాయని 2014లో వెలువడిన పరిశోధనలు చూపించాయి. టెట్2, డి.ఎన్.ఎమ్.టి.3ఎ అనే జన్యువులలో ఇది తరచు. తప్పు కనబడినంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు. రక్త పరీక్షలు బాగుండి, ఒంట్లో ఏ బాధా లేనివారు ఊరికే ఈ పరీక్ష చేయించుకొని నిద్ర పాడుచేసుకోవద్దని నా సలహా.

ఈ పరీక్ష చిన్న ఆసుపత్రులలో జరగదు. ముక్కను గాని, రక్తాన్ని గాని హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాలలోని ప్రయోగశాలలకు పంపుతారు. ఖర్చు కూడా ఉంటుంది. మూలుగ జబ్బుల కోసం అనేక జన్యువులను ఒకేసారి చూసే పరీక్షలలో యు.బి.ఎ.1 కొన్నింటిలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. అది లేని పరీక్ష చేయించి "వెక్సాస్ లేదు" అనుకోవడం పొరపాటు. పంపేముందే అడిగి తెలుసుకోవాలి.

అంతకంటే ముందు చూడదగిన చౌక పరీక్ష ఒకటుంది. మీ మామూలు రక్త పరీక్ష కాగితంలో ఎం.సి.వి. అనే అంకె ఉంటుంది. ఎర్రకణం ఎంత పెద్దదో అది చెబుతుంది. వెక్సాస్ రోగులలో రక్తహీనతతోపాటు ఈ అంకె తరచు 100 దాటి ఉంటుంది. అయితే మన దగ్గర ఈ అంకె పెరగడానికి చాలా మామూలు కారణాలు విటమిన్ బి12 లోపం, మద్యం, కొన్ని రకాల మందులు. ముందు వాటిని చూసి, అవి కావని తేలిన తరువాతే మిగతా సంగతి. ఎం.సి.వి. ఎక్కువ ఉంది గనుక నాకు వెక్సాస్ అని ఎవరూ తీర్మానించుకోవద్దు.

చికిత్సకు ఉపయోగం ఏమిటి

మన ఉదాహరణలోని పెద్దాయన దగ్గరకు వద్దాం. ఆయన చర్మంలోని తప్పు, మూలుగలోని తప్పు ఒక్కటే అని తేలితే ముగ్గురు డాక్టర్లు మూడు జబ్బులకు మందులు ఇవ్వడం ఆగుతుంది. రక్తవ్యాధుల నిపుణుని ఆధ్వర్యంలో ఒకే జబ్బుకు చికిత్స జరుగుతుంది. స్టెరాయిడ్ వాపును అణుస్తుంది గాని మూలకణాన్ని మార్చలేదు. అందుకే తగ్గించినప్పుడల్లా జబ్బు తిరగబెడుతుంది. అజాసిటిడిన్ వంటి ఇంజెక్షన్లు చెడిన కణాల సంతతిని తగ్గించగలవు. రుక్సోలిటినిబ్ వంటి మాత్రలు కొందరికి మేలు చేస్తున్నాయి. పూర్తిగా నయం చేసే అవకాశమున్నది మూలుగ మార్పిడి ఒక్కటే. అది వయస్సు, గుండె, ఊపిరితిత్తుల బలం చూసి నిర్ణయించవలసిన పెద్ద చికిత్స. మనవారు చాలామంది వెళ్ళే రాయవెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో 1986 నుండి మూలుగ మార్పిడి చికిత్సలు జరుగుతున్నాయి. అందరికీ అది సరిపడదు. ఇది తీవ్రమైన జబ్బు, మందులున్నా ప్రాణం మీదకు వచ్చేవారు ఉన్నారు. ఆ మాట దాచడం మంచిది కాదు.

స్టెరాయిడ్ వాడుతున్నవారు ఈ వ్యాసం చదివి దానిని ఒక్కసారిగా ఆపవద్దు. ఎక్కువకాలం వాడినవారు హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం. తగ్గించే పద్ధతి డాక్టరు చెప్పాలి.

"మా పిల్లలకు వస్తుందాండీ?"

జబ్బు పేరులో జన్యువు అన్న మాట వినబడగానే కుటుంబం అడిగే ప్రశ్న ఇదే. "మనవరాలికి సంబంధాలు చూస్తున్నాం డాక్టరమ్మగారూ, ఈ సంగతి బయటికి తెలిస్తే ఎలాగండీ?" అని కోడలు చాటుగా అడుగుతుంది. వెక్సాస్ విషయంలో జవాబు స్పష్టంగా చెప్పవచ్చు. ఈ లోపం పుట్టుకతో వచ్చినది కాదు. నడివయస్సు దాటాక ఒక మూలకణంలో జరిగినది. పిల్లలకు జన్మనిచ్చే బీజకణాలలో అది ఉండదు. తండ్రి నుండి పిల్లలకు రాదు, అంటుకోదు, ఎవరి తప్పు వలనా రాలేదు.

కాని అన్ని మూలుగ జబ్బులకూ ఈ జవాబు చెల్లదు. ఫాంకోనీ ఎనీమియా అని ఒకటుంది. 1927లో స్విట్జర్లాండు పిల్లల వైద్యుడు గైడో ఫాంకోనీ ముగ్గురు అన్నదమ్ములలో దీనిని వర్ణించారు. పిల్లలు పొట్టిగా ఉంటారు, కొందరికి బొటనవ్రేలు సరిగా ఉండదు, చర్మం మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు ఉంటాయి, పెరిగేకొద్దీ మూలుగ పనిచేయడం మానేస్తుంది. ఇది చాలావరకు తల్లి, తండ్రి ఇద్దరి నుండీ ఒక్కొక్క చెడిన ప్రతి వచ్చినప్పుడే కలుగుతుంది. మేనరికాలు చేసుకునే మన కుటుంబాలలో అలా రెండు చెడిన ప్రతులు కలిసే అవకాశం ఎక్కువ.

ఇక్కడ చర్మపు ముక్క వేరే పని చేస్తుంది. ఫాంకోనీ పిల్లలలో కొందరికి రక్తకణాలలో కొన్ని తమంతట తామే ఆ తప్పును సరిదిద్దుకుంటాయి. అప్పుడు రక్త పరీక్ష బాగానే ఉన్నట్లు చూపి మోసం చేయవచ్చు. అనుమానం మిగిలితే చర్మపు ముక్క నుండి చర్మకణాలను పెంచి పరీక్షిస్తారు. అవి రక్తకణాలు కావు గనుక, పుట్టుకతో వచ్చిన అసలు వ్రాత వాటిలో చెరగకుండా ఉంటుంది. పెద్దలలో కూడా మూలుగలో కనబడిన తప్పు పుట్టుకతో వచ్చినదా, నడుమ వచ్చినదా అని తేల్చడానికి ఇలాగే చేస్తారు. నోటి ఉమ్మి ఇందుకు అంత మంచిది కాదు, అందులో తెల్లకణాలు కలిసి ఉంటాయి.

ఈ తేడా తెలియడం మీద చాలా ఆధారపడి ఉంది. ఫాంకోనీ ఉన్నవారికి మూలుగ మార్పిడికి ముందు ఇచ్చే మందులు మామూలు మోతాదులో ఇస్తే వారి శరీరం తట్టుకోలేదు, బాగా తగ్గించి ఇవ్వాలి. మూలుగ ఇవ్వడానికి ముందుకు వచ్చిన అన్నకో చెల్లికో అదే జబ్బు బయటపడకుండా ఉందేమో ముందుగా పరీక్షించాలి.

చర్మం, మూలుగల మధ్య రాకపోకల గురించి 2023లో మరొక విచిత్రమైన సంగతి వెలువడింది. చర్మం మీద కమిలినట్లుండే ఊదారంగు గడ్డలతో మొదలయ్యే ఒక అరుదైన రక్త క్యాన్సరును బోస్టను శాస్త్రవేత్తలు పరిశీలించారు. అందులోని కణాలు మూలుగలో ఒక తప్పుతో పుట్టి, చర్మానికి వచ్చి, అక్కడ ఎండలోని అతినీలలోహిత కిరణాల దెబ్బ తిన్నాక క్యాన్సరుగా మారుతున్నట్లు తేలింది. ఎండ దెబ్బకు జన్యువులో ఒక ప్రత్యేకమైన గుర్తు పడుతుంది. మూలుగలో దొరికిన క్యాన్సరు కణాలలో కూడా ఆ గుర్తు ఉంది. ఎముక లోపలికి ఎండ పోదు కదా. ఆ కణాలు చర్మానికి వచ్చి, తిరిగి మూలుగకు వెళ్ళాయన్నమాట.

ఎప్పుడు డాక్టరుకు చూపాలి

యాభై దాటినవారిలో మూడు నాలుగు వారాలు దాటినా తగ్గని, లేదా మళ్ళీ మళ్ళీ వచ్చే నొప్పి గల గడ్డలు ఉండి, వాటితోపాటు జ్వరం, బరువు తగ్గడం, ఆయాసం, చెవి లేక ముక్కు వాపు, రక్తహీనత, ఇలాంటివి తోడైతే చర్మానికి మాత్రమే గాక మొత్తం ఒంటికి పరీక్ష అవసరం. గడ్డ క్రొత్తగా లేచినప్పుడే వెళ్ళండి. వాడిపోయిన మచ్చ నుండి తీసిన ముక్క అంతగా చెప్పదు. వీలైతే స్టెరాయిడ్ మొదలుపెట్టక ముందే ముక్క తీయించుకోవడం మేలు. గడ్డ లేచిన రోజున సెల్‌ఫోనుతో ఫోటో తీసి ఉంచుకోండి. వచ్చేటప్పుడు పాత రక్త పరీక్షల కాగితాలన్నీ తేదీల వరుసలో పెట్టి, వాడిన ప్రతి మాత్ర ఖాళీ అట్టతో సహా తీసుకురండి. మందుల షాపులో చీటీ లేకుండా కొన్నవి కూడా తీసుకురండి. దానికి ఎవరూ మిమ్మల్ని కోప్పడరు.